ఏడ్చేవారికి పాట ఏదీ?

పాటలంటే మాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. సంఘకాపరికి ఈ పిచ్చి తగునా అని అడిగిన పెద్దలున్నారు. వారికి చెప్పడానికి ఇప్పటికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి కదా! అమ్మ పక్కన బల్ల మీద కూర్చుని ఆ పేర్లు కూడబలుక్కుంటూ చదివిన పిల్లవాడికి పాట వేరు, ప్రసంగం వేరు అని విడదీయడం చేతకాలేదు, అంతే. తరువాత వేదాంత కళాశాల హాస్టల్లో ఒక సీనియర్ అన్న దగ్గర టేప్‌రికార్డర్ ఉండేది. దాంతోపాటు అరిగిపోయిన క్యాసెట్ ఒకటి. పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ అనే ఇద్దరు అమెరికా గాయకులు 1970లో విడుదల చేసిన 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్' అది. గ్రీకు వ్యాకరణం పరీక్షకు చదువుకుంటూ రాత్రుళ్లు అదే వినేవాళ్లం. ఆ ఆల్బమ్‌కు పేరు తెచ్చిన పాట పుట్టుక వెనుక క్లాడ్ జీటర్ అనే నల్లజాతి సువార్త గాయకుడు పాడిన ఒక మాట ఉందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. చర్చిలోంచి బయటికి వెళ్లిన పాటే తిరిగి మా హాస్టల్ గది కిటికీలోంచి లోపలికి వచ్చిందన్నమాట.

ఇప్పుడు క్యాసెట్ లేదు, చేతిలో ఫోనుంది. ఇష్టమైన గాయకుడి కొత్త ఆల్బమ్‌ను విడుదలైన రోజునే వినవచ్చు. అయితే వినడానికి కూర్చున్నప్పుడు మాలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఆ క్యాసెట్‌ను అరగదీసిన కుర్రాడు. రెండోవారు సెమినరీలో పట్టా పుచ్చుకుని, ఎర్ర కలంతో జవాబు పత్రాలు దిద్దడానికి అలవాటుపడిన పండితుడు. వీరిద్దరికీ పొత్తు కుదరడం కష్టం. 2023లో ఒకటి, 2024లో ఒకటి విడుదలైన రెండు ఆల్బమ్‌లు వీరి మధ్య పెద్ద తగవే పెట్టాయి. ఆ తగవు మా సంఘంలోని ఒక కుటుంబం గుమ్మం దాకా వెళ్లింది. అందుకే ఈ వారం వాటి గురించి చెప్పాలనుకుంటున్నాం.

మొదటిది అదే పాల్ సైమన్‌ది. పేరు 'సెవెన్ సామ్స్', అంటే 'ఏడు కీర్తనలు'. 2023 మే 19న విడుదలైంది. అప్పటికి ఆయన వయసు 81. అంతకు అయిదేళ్ల ముందే, 2018లో, కచేరీ యాత్రలకు వీడ్కోలు చెప్పి ఇంటిపట్టున ఉన్న మనిషి. 2019 జనవరి 15 రాత్రి ఆయనకు ఒక కల వచ్చిందట. 'ఏడు కీర్తనలు' అనే పని ఒకటి నువ్వు చేయాల్సి ఉంది అని ఆ కలలో తెలిసిందట. లేచి ఆ మాట రాసిపెట్టుకున్నాడు. ఆ తరువాత వారంలో కొన్నిసార్లు తెల్లవారుజామున మూడున్నర, అయిదు గంటల మధ్య మెలకువ వచ్చేదనీ, అప్పుడు తోచిన మాటలనే రాసుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. యూదు కుటుంబంలో పుట్టినవాడు గానీ, భక్తిపరుడినని ఎన్నడూ చెప్పుకున్నవాడు కాడు. బాల సమూయేలు కథ తెలిసిన మనకు రాత్రిపూట పిలుపు కొత్తేమీ కాదు. పిలుపు అందుకున్న మనిషే మాకు ఆశ్చర్యం కలిగించాడు.

ఆల్బమ్ నిడివి ముప్ఫై మూడు నిమిషాలు. ఏడు భాగాలున్నాయి గానీ మధ్యలో విరామం లేదు, మొత్తం ఒకే ట్రాక్‌గా విడుదల చేశారు. నచ్చిన పాట ఏరుకుని తక్కినవి దాటేద్దామంటే వీలుపడదు. కూర్చుంటే మొదటి నుంచి చివరి దాకా కూర్చోవాలి. వేలితో తోసేస్తూ పాటలు వినే ఈ రోజుల్లో ఇది సాహసమే. ఎక్కువ భాగం ఒక్క గిటారే వినిపిస్తుంది. ఆ గిటారు కూడా తొందరపడదు. ఒక తీగ మీటి, దాని మోగుడు ఆరిపోయే దాకా ఆగి, అప్పుడు ఇంకో తీగ మీటినట్టుంటుంది. మధ్యమధ్య గాజు గంటల్లాంటి వింత వాద్యాల మోత, ఇంగ్లండుకు చెందిన ఒక గాయక బృందం గొంతులు దూరం నుంచి వచ్చి పోతుంటాయి. చివరి రెండు భాగాల్లో ఆయన భార్య ఈడీ బ్రికెల్ గొంతు కలుస్తుంది. ఈ ఆల్బమ్ తయారవుతుండగానే సైమన్ ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. అది తెలిసి విన్నందువల్లనో ఏమో, ఆ గిటారులో ఒక తడుములాట మాకు వినిపించింది. చీకట్లో గోడ పట్టుకుని నడిచేవాడి చెయ్యిలా ఉంది.

క్రైస్తవ సంప్రదాయంలో ఏడు కీర్తనలంటే పశ్చాత్తాప కీర్తనలు. 6, 32, 38, 51, 102, 130, 143. మార్టిన్ లూథర్ స్వయంగా అచ్చువేయించిన మొదటి పుస్తకం ఈ ఏడింటికి రాసిన వ్యాఖ్యానమే. అది 1517 వసంతంలో వచ్చింది, తొంభై అయిదు సూత్రాలు ఆ తరువాత అక్టోబరులో. కనుక పేరు చూడగానే మా పండితుడు ఉత్సాహంగా ఎర్ర కలం తీశాడు. సైమన్ కీర్తనలకూ ఈ ఏడింటికీ సూటి సంబంధమేమీ లేదని కాసేపట్లోనే తేలిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. మొదటి భాగంలోనే ప్రభువుకు ఆయన పెట్టిన పేర్లు విని మేము ఉలిక్కిపడ్డాం. బీదవాడి అన్నం ప్రభువే, పరదేశికి తెరిచిన తలుపు ప్రభువే అన్నంత వరకూ మాకు అభ్యంతరం లేదు. కోవిడ్ వైరస్ కూడా ప్రభువే అంటాడు! ఉప్పొంగుతున్న సముద్రమూ ఆయనే అంటాడు. 2020, 2021 సంవత్సరాల్లో మేము చేసిన భూస్థాపనలు గుర్తుకొచ్చాయి. పెట్టె తెరవకుండానే, దూరంగా నిలబడి, చేతులకు తొడుగులు వేసుకుని ప్రార్థన చేసిన మధ్యాహ్నాలవి. ఆ పురుగుకు ప్రభువు పేరు పెడతాడా ఈ పెద్దమనిషి అని కోపం వచ్చింది.

ఆ సాయంత్రం మా నోటు పుస్తకంలో రాసుకున్నది ఇప్పటికీ ఉంది. సంగీతం పదికి తొమ్మిది, సిద్ధాంతం పదికి మూడు. మూడో భాగం గురించి కూడా ఒక ముక్క రాశాం. అది చమత్కారంగా, బ్లూస్ బాణీలో నడుస్తుంది. కీర్తనల నడుమ ఈ హాస్యమేమిటని విసుక్కున్నాం. 'ద సేక్రెడ్ హార్ప్' అనే ఆరో భాగం మాత్రం చాలా బాగుందని రాసుకున్నాం. దారిలో ఇద్దరు బాటసారులను కారెక్కించుకున్న చిన్న కథలోంచి దావీదు సితారా దాకా వెళుతుందది. 1844లో అమెరికాలోని జార్జియాకు చెందిన ఇద్దరు సంగీత గురువులు అచ్చువేసిన ఒక పాటల పుస్తకం పేరు కూడా అదే. పల్లెటూరి సంఘాలవారు వాద్యాలేవీ లేకుండా, నాలుగు వరుసల్లో ఎదురెదురుగా కూర్చుని గొంతెత్తి పాడుకోవడానికి వాడే పుస్తకమది. ఇన్ని సంగతులు తెలిసినందుకు మాకు మేమే మురిసిపోయి పుస్తకం మూసేశాం.

ఆ ఏడాది వానాకాలంలో మా సంఘంలో ఒక పిల్లవాడు చనిపోయాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికి వస్తూ హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. వాళ్ల నాన్న మా సంఘంలో పాతికేళ్లుగా డోలక్ వాయించే సహోదరుడు. సంగీతం చదువుకున్నవాడు కాదు, వృత్తి వడ్రంగం. కానీ ఆయన చెయ్యి పడితే నిద్రపోయే సంఘం కూడా లేచి కూర్చునేది. ఎప్పుడైనా మేము పాట కాస్త ఎత్తు శ్రుతిలో ఎత్తుకుంటే, డోలక్ మీద చిన్నగా రెండు దెబ్బలు కొట్టి హెచ్చరించేవాడు.

ఆదరణ కూడికకు పాటలు ఎంపిక చేసింది మేమే. మూడు పాటలూ జయగీతాలే. మరణం మీద గెలుపు, సమాధి మీద గెలుపు, రేపటి మహిమ. యువజనులు రిథమ్ ప్యాడ్ పెట్టుకుని హుషారుగా పాడారు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పునరుత్థానం లేకపోతే మాకు పరిచర్యే లేదు. సిద్ధాంతం లెక్కన ఆ కూడికకు పదికి పది వేసుకోవచ్చు. ముందు వరుసలో కూర్చున్న ఆ తండ్రి పెదవి మాత్రం కదలలేదు. పక్కన ఆ తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మా కళ్లకు అది కనబడింది. అయినా మూడో పాటకు రెండు చరణాలు ఎక్కువ పాడించాం.

ఆ తరువాత ఆయన డోలక్ ముట్టుకోలేదు. ఆదివారం మాత్రం తప్పేవాడు కాదు. తలుపు దగ్గరి చివరి బల్ల మీద కూర్చునేవాడు, పాటల సమయంలో బయటికి వెళ్లి చెప్పుల దగ్గర నిలబడేవాడు, ప్రసంగం మొదలవగానే లోపలికి వచ్చేవాడు. 2024 శ్రమల దినాల్లో ఒక శుక్రవారం కూడిక అయ్యాక ఆగి, "అయ్యగారూ, మన పుస్తకంలో నాలాంటివాడు పాడుకునే పాట ఏదైనా ఉందా? అబద్ధమాడకుండా పాడగలిగేది?" అని అడిగాడు. మేము పుస్తకం తిరగేసినట్టు నటించాం. పశ్చాత్తాపం పాటలున్నాయి. పురుషోత్తమ చౌధరిగారి వంటి తొలితరం కవుల కీర్తనల్లో కన్నీరుంది. అయితే అది ఎక్కువగా పాపి కన్నీరు. తప్పు చేసినవాడు ఏడ్చే పాటలు దొరికాయి. ఈయన చేసిన తప్పేముంది? ఇక కొత్తగా వస్తున్న మన ఆల్బమ్‌ల సంగతి మీకు తెలిసిందే. ప్రతి క్రిస్మస్‌కూ, ప్రతి కొత్త సంవత్సరానికీ డజన్ల కొద్దీ వస్తాయి. ఆశీర్వాదం, విజయం, వాగ్దానం, అద్భుతం. మంచి గాయకులు, ఖరీదైన రికార్డింగు. పదింట తొమ్మిదింటి ముగింపు మొదటి చరణంలోనే తెలిసిపోతుంది.

కీర్తనల గ్రంథంలోని నూట యాభైలో మూడో వంతుకు పైగా విలాపాలేనని పాత నిబంధన చదివిన ప్రతి సెమినరీ విద్యార్థికీ తెలుసు. అమెరికా పండితుడు వాల్టర్ బ్రూగమన్ 1986లో ఒక వ్యాసం రాశారు. విలాపాన్ని పోగొట్టుకున్న సంఘం ఎంత నష్టపోతుందో అందులో వివరించారు. దేవుడికి ఫిర్యాదు చేసే హక్కు లేని చోట మిగిలేది పొగడ్తో, లోలోపలి అపరాధ భావమో తప్ప నిజమైన సంబంధం కాదన్నది ఆయన వాదన సారాంశం. ఆయన 2025 జూన్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆ వ్యాసం మీద మేము విద్యార్థిగా ఉండగా పరీక్ష రాశాం. మంచి మార్కులే వచ్చాయి.

రెండో ఆల్బమ్ 2024 ఆగస్టు 30న విడుదలైంది. 'వైల్డ్ గాడ్'. పాడింది నిక్ కేవ్, ఆయన బృందం 'ద బ్యాడ్ సీడ్స్'. కేవ్ 1957లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. చిన్నప్పుడు వాంగరట్టా ఊళ్లోని ఆంగ్లికన్ కథీడ్రల్ క్వయర్‌లో పాడేవాడు. యవ్వనంలో హెరాయిన్‌కు బానిసై, హత్యలూ నరకమూ పాటలకు వస్తువుగా చేసుకుని, భయంకరమైన పేరే తెచ్చుకున్నాడు. అంత దూరం పోయినా బైబిలును మాత్రం వదల్లేదు. 1998లో మార్కు సువార్తను విడి పుస్తకంగా అచ్చువేసిన ఒక ప్రచురణ సంస్థ కోసం దానికి ముందుమాట రాశాడు. చర్చికి వెళతాడు గానీ క్రైస్తవుడినని ధీమాగా చెప్పుకోడు. మా సంఘంలో సభ్యత్వానికి ఇలాంటివారు దరఖాస్తు పెడితే పెద్దల కమిటీ రెండుసార్లు సమావేశం కావలసి వస్తుంది.

2015 జులైలో ఇంగ్లండులోని బ్రైటన్ దగ్గర సముద్రపు కొండచరియ మీద నుంచి పడి ఆయన కొడుకు ఆర్థర్ చనిపోయాడు. కవలల్లో ఒకడు, పదిహేనేళ్లవాడు. 2022 మేలో పెద్ద కొడుకుల్లో ఒకడైన జెత్రో కూడా పోయాడు. ఈ సంగతి తెలియకుండానే మేము 'వైల్డ్ గాడ్' విన్నాం. పేరు చూసి ఎర్ర కలం తీసుకునే విన్నామని ఒప్పుకోవాలి. టైటిల్ పాటలోని దేవుడు జ్ఞాపకాల మధ్య ఎగురుతూ దేనికోసమో వెతుక్కునే ముసలివాడు. మన దేవుడు కాడు, పురాణ పాత్ర లాంటివాడు. రెండు చోట్ల సంగీతం మరీ దట్టంగా ఉండి మాటలు మునిగిపోయాయి. వాద్యాలు, బృందగానం, ప్రతిధ్వని అన్నీ ఒకేసారి మీద పడతాయి. నాలుగో పాటకు వచ్చేసరికి కలం కింద పెట్టేశాం.

ఆ పాట పేరు 'జాయ్', అంటే ఆనందం. కానీ మొదలవడం ఆనందంగా మొదలవదు. వేకువనే గుండె బరువుతో లేచిన మనిషి కనికరం కోసం మొరపెట్టుకుంటూ ఉంటాడు. అప్పుడు పెద్ద పెద్ద బూట్లు తొడుక్కున్న ఒక కుర్రాడి ఆత్మ వచ్చి మంచం దగ్గర కూర్చుంటుంది. దుఃఖానికి ఇక సెలవిద్దాం అన్నట్టు మాట్లాడుతుంది. ఆ కుర్రాడెవరో కేవ్ పేరు పెట్టి చెప్పడు. మరుసటి రోజు ఆయన జీవితం గురించి చదివాక మాకు చెప్పనక్కరలేకపోయింది. చనిపోయినవారి ఆత్మలు వచ్చి మాట్లాడడాన్ని మేము పులపిటం నుంచి ఒప్పుకోం, ఇప్పుడూ ఒప్పుకోవడం లేదు. అయితే ఆనందించమని అక్కడ చెప్పింది ఎవరు? పాస్టరు కాదు, బంధువులు కాదు, యువజన క్వయర్ కాదు. ఆ మాట అనడానికి హక్కున్న ఒకే ఒక్కడు అన్నాడు. అది కూడా తొమ్మిదేళ్ల తరువాత.

ఆ తొమ్మిదేళ్లలో ఏముందో వినాలనిపించి వెనక్కి వెళ్లాం. 2016 సెప్టెంబరులో వచ్చింది 'స్కెలిటన్ ట్రీ'. ఆ పాటలు చాలావరకు బిడ్డ పోకముందే రాసినవట, రికార్డింగు మాత్రం తరువాత పూర్తయింది. గొంతు శ్రుతి తప్పుతుంది, మాట తడబడుతుంది, సరిదిద్దకుండా అలాగే వదిలేశారు. కచేరీ గాయకుడు దాన్ని తప్పంటాడు. కాపరి అనకూడదు. 2019 అక్టోబరులో వచ్చింది 'గోస్టీన్'. రెండు భాగాల ఆల్బమ్. మొదటి భాగం పాటలు పిల్లలు, రెండో భాగం పాటలు వాళ్ల తల్లిదండ్రులు అని కేవ్ వివరించాడు. అందులో డ్రమ్ములు దాదాపు వినబడవు. నేల మీద కాలు ఆనకుండా, నీళ్ల మీద తేలుతున్నట్టు శబ్దం సాగుతూ ఉంటుంది. అది వింటున్నప్పుడు మా చర్చి మూలన గుడ్డ కప్పి పెట్టిన డోలక్ గుర్తుకు వచ్చింది. తాళం అంటే ఏమిటి? తరువాతి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలియడం. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఆ భరోసానే పోతుంది.

ఆ ఆల్బమ్‌లోని ఆఖరి పాట పద్నాలుగు నిమిషాలు. దాని చివర, మనం తెలుగు వాచకాల్లో చదువుకున్న కథే ఒకటి వస్తుంది. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని కిసాగోతమి ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన బౌద్ధ కథ. చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు గురువు, అలాంటి ఇల్లు ఆమెకు దొరకలేదు. ఆ కథను మేము ప్రసంగాల్లో వాడడానికి జంకేవాళ్లం. కేవ్ దాన్ని ఏ వ్యాఖ్యానమూ లేకుండా పాడి ఊరుకున్నాడు.

ఈ రెండూ విన్నాక 'వైల్డ్ గాడ్' మళ్లీ పెట్టాం. మొదటి పాటలోనే డ్రమ్ములు తిరిగి వచ్చాయి! ఏడేళ్ల చెరలోంచి తిరిగి వచ్చినవారిని చూసినట్టు అనిపించింది. 'ఫ్రాగ్స్' అనే పాట కయీను తన తమ్ముడిని చంపిన సంగతితో మొదలై, ఆదివారం వానలో ఎగిరే కప్పల దగ్గరికి వస్తుంది. మురికి కాలువలోంచి ఆకాశం వైపు ఎగిరి, మళ్లీ అందులోనే పడే కప్పలు. ఆదికాండము నాలుగో అధ్యాయం నుంచి అక్కడికి దారి వేయడం మా వల్ల కాదు. అదే పాటలో అమెరికా గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ డబ్బా తన్నుకుంటూ నడిచిపోతాడు. ఆల్బమ్ వచ్చిన నెలకే, 2024 సెప్టెంబరు 28న, ఆయన కాలం చేశారు. 'కన్వర్షన్', అంటే మారుమనస్సు, అనే పాట సగం దాకా పీర్లు కాలినట్టు నెమ్మదిగా రాజుకుని, ఒక్కసారిగా భగ్గుమంటుంది. బృందగానం లేచి గొంతు చించుకుంటుంది. మా ఊరి ఉజ్జీవ కూటాల్లో కూడా అంత మంట ఈ మధ్య చూడలేదు. చివరి పాట రెండు నిమిషాలే, చర్చి గీతంలా ఉంటుంది. దాని పేరు యెషయా 11వ అధ్యాయం 9వ వచనంలోది, హబక్కూకు 2వ అధ్యాయంలోనూ ఉంది. జలములు సముద్రాన్ని కప్పే ఉపమానం. బైబిలు తెలిసినవారు తీసి చూడండి.

బ్రూగమన్ తన 1984 నాటి పుస్తకంలో కీర్తనలను మూడు రకాలుగా చెప్పారు. అంతా సవ్యంగా ఉన్నప్పటివి, అంతా కూలిపోయినప్పటివి, కూలిన తరువాత అనుకోని కృపగా కొత్తగా నిలబడినప్పటివి. మూడోది మొదటిదానికి తిరిగి వెళ్లడం కాదు. కేవ్ మూడు ఆల్బమ్‌లు వరుసగా వింటే ఇది పరీక్షలో రాసినప్పటికంటే బాగా అర్థమైంది. రెండోదాన్ని దాటేసి మూడోదానికి అడ్డదారి వేయడమే ఆ ఆదరణ కూడికలో మేము చేసిన పని.

ఇలాంటి వరుసలో లెనార్డ్ కోహెన్ బతికుండగా వచ్చిన ఆఖరి ఆల్బమ్ 'యు వాంట్ ఇట్ డార్కర్' కూడా చెప్పుకోదగ్గదే. 2016 అక్టోబరు 21న విడుదలైంది, నవంబరు 7న 82 ఏళ్ల కోహెన్ కన్నుమూశాడు. మోరియా కొండ కథలో అబ్రాహాము పలికిన హెబ్రీ జవాబు 'హినేని'ని, ఆయన తాను చిన్నప్పుడు వెళ్లిన మాంట్రియల్ సమాజమందిరపు గాయకుల తోడుతో పాడాడు. దాని గురించి ఇంకోసారి.

మేము ఆ సహోదరుడి ఇంటికి వెళ్లాం. ఇంగ్లిషు పాటలు వినిపించలేదు. ఆయనకు ఆ భాష రాదు, ఆ గోలా నచ్చదు. బైబిలు తెరిచి 88వ కీర్తన చదివాం. మొదటి నుంచి చివరి దాకా. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు, ఎంత ఏడ్చినా, చివర ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. మామూలుగా అయితే వెంటనే ఇంకో వాక్యం చదివి ఆదరించేవాళ్లం. ఆ రోజు చదివి పుస్తకం మూశాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లోపలి గదిలోంచి ఆమె వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. "ఇది బైబిల్లోనే ఉందా అయ్యగారూ?" అని అడిగాడాయన. ఉందన్నాం. "చివర ఏమీ కలపకుండానే ఆపేశారే!" అన్నాడు. అవునన్నాం. "మళ్లీ ఒకసారి చదవండి" అంది ఆమె. సంవత్సరం పైగా అయిందేమో, ఆమె మాతో మాట్లాడి.

ఇంటికి వచ్చి సైమన్ ఏడు కీర్తనలు మళ్లీ విన్నాం. వైరస్ దగ్గర ఇప్పటికీ ఉలిక్కిపడతాం. అయితే ఆమోసు 3వ అధ్యాయం 6వ వచనం, యెషయా 45వ అధ్యాయం 7వ వచనం చదివినప్పుడు కూడా నిజాయితీగా చెప్పాలంటే ఉలిక్కిపడాల్సిందే. మేమే అలవాటు పడిపోయి గబగబా దాటేస్తున్నాం. మరుగైయున్న దేవుని గురించి లూథర్ అంతగా రాశాడంటే ఊరికే రాయలేదు. కీడు దేవుని చేతికి అందనంత దూరంలో ఉందని చెప్పి ఆ తల్లిని ఊరడించలేం. అది దేవుని చేతిలోనే ఉందని తేలికగానూ చెప్పలేం. సైమన్ రెండూ చెప్పకుండా ప్రభువు పేరు పలుకుతూ పోతాడు. మూడో భాగంలోని హాస్యం కూడా ఈసారి చెవికి అడ్డం రాలేదు. చావు ఇంట్లో మూడో రోజున ఎవరో ఒకరు నవ్వు పుట్టించే మాట అననే అంటారు కదా. ఏడో భాగం పేరు 'వెయిట్', అంటే ఆగు. ఇంకా సిద్ధంగా లేనని బతిమాలే ముసలి గొంతు, దానికి భార్య గొంతు తోడు, ఆఖరి మాట ఆమేన్. 2025లో సైమన్ మళ్లీ వేదిక ఎక్కి, చిన్న చిన్న హాళ్లలో ఈ ఏడు కీర్తనలనూ మొదటి నుంచి చివరి దాకా పాడాడు. నోటు పుస్తకంలో ఆ మూడు అంకెను మేము కొట్టేయలేదు. పక్కన వేరే అంకె వేయడానికీ చెయ్యి రాలేదు.

పోయిన క్రిస్మస్‌కు ముందు మా యువజనులు వచ్చి కొత్త పాట రాసిమ్మన్నారు. ఏటా ఒకటి రికార్డు చేసి విడుదల చేయడం వారికి సరదా. మత్తయి రెండో అధ్యాయం చదివి రమ్మన్నాం. జ్ఞానులు వెళ్లిపోయాక హేరోదు బేత్లెహేములో పసిపిల్లలను చంపించడం, రామాలో రాహేలు ఎవరి ఓదార్పూ వద్దని ఏడవడం అక్కడే ఉన్నాయి. ఆ తల్లుల మీద ఒక చరణం ఉండాలన్నాం. "క్రిస్మస్‌కు ఏడుపు పాటేమిటి అయ్యగారూ, ఎవరు వింటారు?" అన్నాడు కీబోర్డు వాయించే కుర్రాడు. ఆ మాట నిజమే కావచ్చు. చివరకు మూడు చరణాలు సంతోషం, ఒక చరణం బేత్లెహేము తల్లులది అని రాజీ కుదిరింది. ఆ ఒక్క చరణానికి మూడు వారాలు పట్టింది మాకు.

రిహార్సల్ జరుగుతున్న సాయంత్రం ఆయన వచ్చి తలుపు దగ్గర చివరి బల్ల మీద కూర్చున్నాడు. పిల్లలు పాడుతుంటే బయటికి వెళ్లలేదు. తల్లుల చరణం వచ్చింది. రిథమ్ ప్యాడ్ ఎప్పటిలాగే దంచుతోంది. ఆయన లేచి ముందుకు వచ్చాడు. ప్యాడ్ వాయించే పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, "ఈ చరణానికి తాళం వద్దు బాబూ. ఊరికే పాడనివ్వు" అన్నాడు. తాళం లేకుండా పాడారు. పిల్లలు కాస్త తడబడ్డారు, శ్రుతి కూడా జారింది. తరువాత పల్లవి ఎత్తుకోవాలి. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక అందరూ ఆయన వైపే చూశారు. ఆయన బల్ల అంచు మీద వేళ్లతో చిన్నగా రెండు దెబ్బలు కొట్టాడు.